పిలుపు వస్తేనే వాద్యం
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోను చేసి 'పాశ్చాత్య సంగీత వైభవం' మీద ఒక ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. "వైభవం గురించి చెప్పడానికి పండితులున్నారండీ, నాకు తెలిసిందల్లా ఆ సంగీతంతో ఇంటి అద్దె ఎలా కట్టుకోవాలో మాత్రమే" అన్నాను. "అయితే అదే చెప్పండమ్మా, మా పిల్లలు సగంమంది ఫిడేలు నేర్చుకొంటున్నారు" అన్నారాయన. అందుకని వైభవాన్ని పక్కన పెట్టి బతుకుతెరువు గురించి మాట్లాడతాను.

ఇక్కడ నన్నెరిగినవారు చాలామంది ఉన్నారు. పెళ్ళిళ్ళలోనో, సత్యనారాయణ వ్రతాల్లోనో కలిసినప్పుడు నలభై ఏళ్ళుగా వారు నన్నడిగే ప్రశ్న ఒక్కటే. "ఫిడేలు వాయిస్తావు, సంతోషం. ఇంతకీ ఉద్యోగం ఏమిటి?" ఈ ప్రశ్నకు నేనెప్పుడూ నవ్వి ఊరుకొన్నానేగాని సరైన జవాబు చెప్పలేదు. ఈ రోజు చెబుతాను.

నాది ఉద్యోగం కాదు. దీన్ని ఇక్కడ ఫ్రీలాన్సు అంటారు. మన ఊళ్ళలో సన్నాయి మేళం వారిని తలచుకోండి. పెళ్ళి ఉంటే పిలుస్తారు, శూన్యమాసంలో పిలుపు ఉండదు. తేడా ఏమిటంటే, మేళం వారికి బయానా ముడుతుంది, మాకు అదీ లేదు. లండనులో ఏ ఆర్కెస్ట్రాకు మనిషి తక్కువైతే ఆ ఆర్కెస్ట్రాలో కూర్చుని వాయించి, డబ్బు కోసం బిల్లు పంపి, అది వచ్చేవరకు ఎదురుచూడడం నా వృత్తి.

మనిషి ఎందుకు తక్కువౌతాడని మీకు సందేహం రావచ్చు. పెద్ద సింఫనీకి మొదటి వయొలిన్లు 16, రెండవ వయొలిన్లు 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బాసులు 8 కావాలి. అంటే తీగవాద్యాలే 60. అందులో ఒకరికి జ్వరం, ఒకరికి పురుడు, ఒకరికి వేరేచోట కచేరీ, రెండు కుర్చీలకు అసలు మనిషే లేడు. కండక్టరు — బస్సు కండక్టరు కాదు పిల్లలూ, చేతికర్రతో తాళం చూపించే ఆయన — ఆ కుర్చీలు ఖాళీగా ఉంటే ఒప్పుకోడు. అప్పుడు మాకు పిలుపు వస్తుంది.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. నూరేళ్ళ క్రితం లండనులో ఇంకా విచిత్రంగా ఉండేదట. రిహార్సలుకు ఒప్పుకొన్న మనిషి, అంతకంటె ఎక్కువ డబ్బు దొరికే పని తగిలితే, తన బదులు ఇంకొకరిని పంపేవాడు. ఆ ఇంకొకరు రెండో రిహార్సలుకు మరొకరిని పంపేవాడు. తీరా కచేరీనాటికి, ఏ పాటా ఎప్పుడూ చూడని నాలుగో మనిషి వచ్చి కూర్చునేవాడు. 1904లో హెన్రీ వుడ్ అనే కండక్టరు తన క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాలో ఈ డిప్యూటీ పద్ధతి ఇక చెల్లదన్నాడు. వెంటనే సుమారు నలభైమంది వాద్యకులు లేచిపోయి తమ సొంత ఆర్కెస్ట్రా పెట్టుకొన్నారు. అదే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా. ఆ సంవత్సరం జూన్ 9న అదే క్వీన్స్ హాల్లో మొదటి కచేరీ చేశారు. ప్రపంచం మెచ్చే ఆ ఆర్కెస్ట్రా పుట్టుకకు కారణం బదులు మనిషిని పంపుకొనే హక్కు! ఈ కథ నాకు చాలా ఇష్టం. కళాకారులు కళకోసమే పోట్లాడుకొంటారని మనం అనుకొంటాం గదా.

ఇప్పటికీ లండనులో బి.బి.సి. సింఫనీ వారికి నెలజీతం ఉంటుంది. లండన్ సింఫనీ, 1932లో పుట్టిన లండన్ ఫిల్‌హార్మోనిక్, 1945 నాటి ఫిల్‌హార్మోనియా, 1946 నాటి రాయల్ ఫిల్‌హార్మోనిక్ — ఈ నాలుగింటిలో సభ్యులకు సైతం జీతం ఉండదు, వాయించిన పూటకే డబ్బు. సభ్యులకే ఆ గతి ఉంటే, సభ్యత్వం లేక పిలుపుమీద వెళ్ళే మావంటి వారి సంగతి మీరే ఊహించుకోండి.

పిలిచే మనిషిని ఫిక్సరు అంటారు. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఇంట్లో ఫోనుకు మూడు గజాల దూరం దాటకుండా ఉండేవాళ్ళం. ఇప్పుడు సందేశం వస్తుంది. "ఈ నెల 14, 15, 16 ఖాళీయేనా?" అని ఒక్క ముక్క ఉంటుంది. అరగంట ఆలస్యమైతే ఆ పని ఇంకొకరిది. తేదీ ఖాయమైతే డైరీలో సిరాతోనూ, కాకపోతే పెన్సిలుతోనూ రాసుకొంటాం. పెన్సిలుతో రాసుకొన్న తేదీల మీద మా ప్రాణం వేలాడుతూ ఉంటుంది. ఒప్పుకొన్న తర్వాత రెట్టింపు డబ్బు ఇస్తామని వేరేవారు పిలిచినా వెళ్ళకూడదు. వెళితే వారం తిరగకుండా ఊరంతా తెలుస్తుంది. హెన్రీ వుడ్ గెలవలేకపోయింది చట్టంతో. ఈ భయం మాత్రం ఆయన పక్షానే నిలిచింది.

మొదటిసారి నన్నొక పెద్ద ఆర్కెస్ట్రాకు పిలిచిన రోజు చెబుతాను. శుక్రవారం రాత్రి ఫోను, శనివారం పగలు ఒక్క రిహార్సలు, ఆ సాయంత్రమే కచేరీ. రిఖార్డ్ స్ట్రౌస్ రాసిన డాన్ హువాన్. దాని మొదటి పుట ప్రతి పరీక్షలోనూ వాయించమంటారు కాబట్టి నాకు నిద్రలో వచ్చు. తక్కిన పుటలు మాత్రం ఆ రోజే చూశాను. నన్ను చివరి స్టాండు దగ్గర కూర్చోబెట్టారు. ఒక్కో స్టాండుకు ఇద్దరు. లోపలివైపు కూర్చున్నవారు పుట తిప్పాలి, పాట రెండు పాయలైతే కింది పాయ వాయించాలి. ఈ మర్యాదలు కాలేజీలో పూర్తిగా చెప్పరు.

రిహార్సలులో నా విద్య అంతా చూపించాను. వెనకున్నవాళ్ళను ఎవరు గమనిస్తారు, గట్టిగా వాయిస్తేనే కదా తెలుస్తుంది అనుకొన్నాను. విరామంలో నా పక్కనున్న పెద్దావిడ టీ కప్పు నా చేతికిచ్చి, "అమ్మాయ్, నువ్వు నాకు వినిపిస్తున్నావు" అంది. నేను పొంగిపోయి ధన్యవాదాలు చెప్పాను. ఆవిడ జాలిగా చూసింది. తర్వాతగాని అర్థం కాలేదు, మా వృత్తిలో అంతకు మించిన చీవాటు లేదని. పదహారుమంది ఒక్క ఫిడేలులా వినబడాలి. అందులో ఎవరిదైనా విడిగా వినబడిందంటే ఆ మనిషిని మళ్ళీ పిలవరు.

ఇంకొకటి. వెనుక కూర్చోవడం తేలిక అనుకొంటారు. నిజానికి ముందు వరుసకంటే అదే కష్టం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ముందున్న లీడరుకూ చివరి స్టాండుకూ మధ్య 10 మీటర్లున్నాయనుకోండి, ఆయన వాయించిన స్వరం నా చెవికి చేరేసరికి సెకనులో ముప్పై నాలుగో వంతు ఆలస్యమౌతుంది. అది విని నేను వాయిస్తే, సభలో కూర్చున్నవారికి మొదలూ చివరా కలవక పాట మసకబారుతుంది. కనుక చెవిని నమ్మకూడదు. లీడరు కమాను కదలికను కంటితో పట్టుకొని, వినబడకముందే వాయించాలి. లీడరు కమానును ఎటు లాగితే అందరూ అటే లాగాలి. ఆయన మధ్యలో మార్చితే ఆ మార్పు వరుసవెంట వెనక్కు వస్తుంది, వెంటనే పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. పెన్సిలు లేకుండా రిహార్సలుకు వచ్చిన మనిషిని, ఎంత బాగా వాయించినా, పిల్లకాయ కిందే లెక్కకడతారు.

ఆ కచేరీకి మా నాన్నగారు వచ్చారు. నాన్నగారు తెనాలి నుండి 1960లలో బర్మింగ్‌హామ్ వచ్చి ఫ్యాక్టరీలో పనిచేసినవారు. నాకు ఫిడేలు పట్టించింది ఆయన కాదు, మా బడి. ఆ రోజుల్లో కౌన్సిలువారు బడికి వాద్యం మాస్టార్లను పంపేవారు, ఫిడేలు అరువిచ్చేవారు, మాకు పైసా ఖర్చు లేదు. ఆ సదుపాయం 1980ల చివరి నుండి క్రమంగా తగ్గిపోయింది. నాలాంటి కార్మికుల పిల్లలు ఈ రంగంలోకి రావడం ఇప్పుడు కష్టమైందంటే అదొక ముఖ్య కారణం. సరే, కచేరీ అయ్యాక నాన్నగారు, "బాగుందమ్మా, కాని నీ ఫిడేలు నాకు వినపడలేదు" అన్నారు. వినబడకపోతేనే మళ్ళీ పిలుస్తారు నాన్నా అన్నాను. అదేం పని అన్నట్లు చూశారు.

ఇదేమీ మనకు తెలియని సంగతి కాదు. మన సంగీతంలో పక్కవాద్యం ఉంది. గాయకుడు ఏ రాగం ఎత్తుతాడో ముందుగా తెలియదు, రిహార్సలు ఉండదు, నీడలా వెంట వెళ్ళాలి. ఆ ఫిడేలును ప్రధాన వాద్యంగా వేదిక మధ్యన కూర్చోబెట్టినవారిలో అగ్రగణ్యులు మన ద్వారం వెంకటస్వామినాయుడు గారు, విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు 1936 నుండి అధ్యక్షులు. ఫిడేలు నాయుడు గారనే పేరు ఊరికే రాలేదు. యెహూదీ మెనూహిన్ 1952లో భారతదేశం వచ్చినప్పుడు ఆయన వాద్యం విని ఆనందించారని మన పెద్దలు గర్వంగా చెప్పుకొంటారు. ఆ మెనూహినే పదహారేళ్ళ కుర్రవాడిగా 1932లో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో, ఎల్గార్ తానే కండక్టరుగా నిలబడగా, ఆయన వయొలిన్ కన్చెర్టోను రికార్డు చేశాడు. ఆ రికార్డు మీద మెనూహిన్ పేరుంది, ఎల్గార్ పేరుంది, ఆర్కెస్ట్రా పేరుంది. వెనుక కూర్చుని వాయించినవారి పేర్లు లేవు. నా కథ వాళ్ళది.

ఆబీ రోడ్ పేరు వచ్చింది కాబట్టి సెషన్ల గురించి చెప్పాలి. మా బియ్యం పప్పూ వచ్చేది చాలావరకు అక్కడి నుంచే. మూకీ సినిమాల కాలంలో ప్రతి పెద్ద సినిమాహాల్లోనూ తెర ముందు వాద్యబృందం ఉండేది. మాటలు వచ్చిన తర్వాత, 1930 ప్రాంతంలో, రెండు మూడేళ్ళలో వేలమంది రోడ్డున పడ్డారు. సినిమా ఒక చేత్తో తీసుకొన్నదాన్ని తర్వాత ఇంకో చేత్తో కొంత ఇచ్చింది. స్టార్ వార్స్ సినిమాకు 1977 మార్చిలో లండన్ సింఫనీ వాయించింది. ఆ తర్వాత హాలీవుడ్ వారు లండనుకు దారి బాగా మరిగారు. స్టూడియోలో ముందుగా కాగితాలు ఇవ్వరు. స్టాండు మీద ఉన్నది చూసి అప్పటికప్పుడు తప్పులేకుండా వాయించాలి. చెవిలో హెడ్‌ఫోను, అందులో టిక్ టిక్‌మని తాళం. ఎర్రదీపం వెలిగాక కుర్చీ కిర్రుమన్నా అందరూ మళ్ళీ మొదటినుంచి వాయించాల్సిందే. మూడు గంటల పని, బయటకు వచ్చేస్తాం. ఆ సినిమా పేరు ఒక్కోసారి మాకే తెలియదు.

బీటిల్స్ పాట ఎలినార్ రిగ్బీలో గిటారు లేదు, డ్రమ్ము లేదు. 1966లో నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు వాయించాయి. మరుసటి సంవత్సరం వచ్చిన వారి ఇంకో పాటలో దిల్‌రుబా ఉంది. అందులో స్వరం నుండి స్వరానికి జారే మన జారును పట్టుకోవడానికి లండను సెషను వాద్యకులు చెమటలు కక్కారు. దిల్‌రుబా, తంబూరా, తబలా వాయించిన భారతీయులు లండనులో ఉండేవారే. వారి పేర్లు రికార్డు మీద లేవు, యాభై ఏళ్ళకుగాని లోకానికి సరిగా తెలియలేదు. అప్పట్లో ఆ పూట కూలితో సరి, పాట కోట్లసార్లు మోగినా వాయించినవారికి అదనంగా రాదు. 1996లో చట్టం మారి, రేడియోలో రికార్డు వేసినప్పుడల్లా వాయించినవారికీ కొంత వాటా వస్తోంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ చిల్లర నా ఖాతాలో పడినప్పుడు, ఎప్పుడు ఏం వాయించానో గుర్తుకు రాకపోయినా, మనస్సు తేలికపడుతుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. చెప్పాలా వద్దా అని ఆలోచించాను. పిల్లల తలిదండ్రులు అడిగే ప్రశ్నకు అసలు జవాబు ఇందులోనే ఉంది కాబట్టి చెబుతాను.

1994లో ఒక ఆర్కెస్ట్రావారు నన్ను పరీక్షలో పెట్టారు. దీన్ని ట్రయలు అంటారు. పిలుస్తూ ఉంటారు, గమనిస్తూ ఉంటారు, ఏడాదో రెండేళ్ళో పోయాక కుర్చీ ఇస్తారు, లేదా ఇవ్వరు. నాకు దాదాపు ఖాయమని అందరూ అంటున్నారు. మూడు వారాల విదేశయాత్రకు బయలుదేరాం. రెండోరోజు రాత్రి హోటలుకు ఫోను వచ్చింది. రిటైరై తెనాలిలో ఉంటున్న నాన్నగారు పోయారు. తెల్లవారే విమానంలో వెళ్ళిపోయాను. ఫిక్సరు చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆర్కెస్ట్రా అంతా సంతకాలు చేసి సానుభూతి కార్డు పంపించారు.

తెనాలిలో పదమూడు రోజులూ ఉన్నాను. మా బాబాయి, "నీకు ఎన్నాళ్ళు సెలవిచ్చారమ్మా?" అని అడిగాడు. సెలవు ఇవ్వడానికి నాకు ఉద్యోగం లేదు బాబాయ్ అని చెప్పలేకపోయాను. "ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు" అన్నాను. "మంచివాళ్ళే" అన్నాడు.

తిరిగి వచ్చాక ఏడు నెలలు ఆ ఆర్కెస్ట్రా నుంచి ఒక్క పిలుపూ రాలేదు. ఎవరూ నన్ను శిక్షించలేదు. నా బదులు కూర్చున్న అమ్మాయి బాగా వాయించింది. మళ్ళీ పిలిచారు. ఆమె పేరు జాబితాలో పైకెక్కింది, నాది కిందికి జారింది. ఆ కుర్చీ తర్వాత ఆమెకే ఇచ్చారు, ఇవ్వదగ్గదే. ఇందులో ఎవరి తప్పూ లేదని నాకు తెలుసు. తెలిసినా ముప్పై ఏళ్ళయి ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. ఆ యాత్రలో ఉండిపోయి ఉంటే ఏమయ్యేదని ఎన్నోసార్లు అనుకొన్నాను. వెళ్ళకుండా ఉండేదాన్నా అంటే, లేదు.

ఆ ఏడు నెలలూ వెస్టెండు నాటకశాలలో వేదిక కింది గుంటలో వాయించాను. వారానికి ఎనిమిది ఆటలు, రోజూ అవే పాటలు. పొద్దున పూట పిల్లలకు పాఠాలు. మళ్ళీ సింఫనీ పని వచ్చింది ఏ పెద్దవారి సిఫారసు వల్లా కాదు. మొదటిరోజు నన్ను మందలించిన పెద్దావిడకు ఒక కచేరీ కుదరక, నా నంబరు ఇచ్చింది. మా లోకంలో పని ఎక్కువగా పక్క కుర్చీనుంచే వస్తుంది.

రంగు సంగతి కూడా అడుగుతారు, దాచడమెందుకు. స్త్రీలకే ఈ తలుపు ఆలస్యంగా తెరిచారు. హెన్రీ వుడ్ 1913లో ఆరుగురిని తీసుకొన్నాడు, లండన్ సింఫనీలో మాత్రం 1970ల దాకా స్త్రీకి సభ్యత్వం లేదు. నేను కూర్చున్న ఆర్కెస్ట్రాల్లో చాలా ఏళ్ళు తల తిప్పి చూస్తే నాలాంటి ముఖం ఇంకొకటి కనబడేది కాదు. 2015లో చినేకే అనే ఆర్కెస్ట్రా నల్లవారితోనూ, ఇతర అల్పసంఖ్యాక జాతుల వారితోనూ మొదలైంది. మన పిల్లలు ఆ కచేరీలు తప్పక చూడాలి.

2020 మార్చి 16న నాటకశాలలకు వెళ్ళవద్దని ప్రధానమంత్రి చెప్పిన సాయంత్రం, నా డైరీలో సిరాతో రాసినవీ, పెన్సిలుతో రాసినవీ ఒకేలా తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వం స్వయం ఉపాధివారికి సహాయం ఇచ్చింది, నిజమే. కాని ఆదాయంలో కనీసం సగం స్వయం ఉపాధి నుండి వస్తేనే ఇచ్చారు. బడుల్లో జీతానికి పాఠాలు చెప్పుకొని అప్పుడప్పుడూ కచేరీలు చేసేవారు, అప్పుడే వృత్తిలోకి వచ్చిన కుర్రవాళ్ళు చాలామంది మధ్యన పడిపోయారు. నాకు తెలిసిన ఇద్దరు డెలివరీ వ్యాను నడిపారు. ఒకరు తిరిగి వచ్చారు.

శరీరం మాట కూడా ఒకటి. ఫిడేలు ఎడమ చెవికి ఆనుకొని మోగుతుంది, వెనుక నుంచి బాకాల మోత. ఒక వయోలా వాద్యకుడు 2012లో రిహార్సలులో వినికిడి చెడిందని కోర్టుకెళ్ళి 2018లో గెలిచాడు. చెవిలో రక్షణ బిరడాలు పెట్టుకోవడం నామోషీ అనుకోకండి. నేను అనుకొన్నాను, ఇప్పుడు ఎడమవైపు నుంచి పిలిస్తే రెండోసారి పిలవాల్సి వస్తుంది.

ఇక తలిదండ్రులకు. మీ అమ్మాయో అబ్బాయో ఈ దారిలో వెళతానంటే ఆపమని నేను చెప్పను, తోయమనీ చెప్పను. ఇంటిని తాకట్టుపెట్టి ఖరీదైన ఫిడేలు కొనవద్దు. పోటీల బహుమతులకంటె యువజన ఆర్కెస్ట్రాలో వెనుక కూర్చుని నేర్చుకొన్నది ఎక్కువ అక్కరకు వస్తుంది. మన సంగీతం నేర్చిన పిల్లలకు చెవి చక్కగా ఉంటుంది, కాని గురుముఖతః నేర్చుకొన్నవారికి కాగితం చూసి వెంటనే వాయించే అలవాటు తక్కువ. రోజుకు పావుగంట కొత్త కాగితం చూసి వాయించమనండి, తప్పు పోయినా ఆగకుండా. పాఠం చెప్పడం చిన్నతనం అనుకోనివ్వకండి, నా ఆదాయంలో మూడో వంతు ఎప్పుడూ దానిదే. కారు నడపడం నేర్పించండి, రాత్రి పదకొండుకు కచేరీ వదిలితే రైళ్ళుండవు. మూడు నెలల ఖర్చు ఎప్పుడూ బ్యాంకులో ఉండాలి. పన్నుకు తీసిపెట్టిన డబ్బు ముట్టుకోకూడదు, జనవరి 31 ప్రతి ఏడూ వస్తుంది.

ఇంత కష్టం ఎందుకు పడ్డావని అడుగుతారు. అరవైమంది కమానులు ఒక్కసారి కిందికి దిగినప్పుడు, కాళ్ళ కింద చెక్క అదురుతుంది. ఆ అదురు సభలో కూర్చున్నవారికి అందదు. అంతకంటె బాగా చెప్పడం నాకు చేతకాదు.

రేపు ఉదయం పది గంటలకు నాకు రిహార్సలు ఉంది, చివరి నుంచి రెండో స్టాండు. ఈ లోపల, భోజనాల తర్వాత, ఫిడేళ్ళు తెచ్చిన పిల్లలందరూ వేదిక వెనుక గదికి రండి. ఒక చిన్న పాట కొత్తగా చూసి అందరం కలిసి వాయిద్దాం. వచ్చేటప్పుడు పెన్సిళ్ళు తెచ్చుకోండి.